తాయెత్తు మీది కుట్టు

జైనాబీ పరుపులు కుట్టేది.

అనకాపల్లిలో మసీదు వెనక సందులో మూడో ఇల్లు. ముందు గది నిండా దూది. భర్త ఉన్నన్నాళ్ళు ఆయన దూది ఏకేవాడు, ఆమె కుట్టేది. ఆయన పోయాడు. ఊళ్ళోకి స్పాంజి పరుపులు వచ్చాయి. పాతవి విప్పి, దూది ఎండబెట్టి, మళ్ళీ కుట్టడమే మిగిలింది.

ఇంకో పని ఉండేది. ఊళ్ళో ముస్లిం ఆడవాళ్ళెవరైనా చనిపోతే ఆఖరి స్నానం ఆమే చేయించేది. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేయించాలి. ఆ పని తల్లి దగ్గర నేర్చుకుంది. దానికి ఏమీ పుచ్చుకునేది కాదు. అక్కడ చూసింది బయట చెప్పేది కాదు. చెప్పకూడదు.

మూడో పని చిన్నది. దర్గా దగ్గర ఒక పెద్దాయన తాయెత్తులు రాసిచ్చేవాడు. ఆయన మడిచి ఇచ్చిన కాగితాన్ని జైనాబీ నల్లగుడ్డలో పెట్టి ఆకుపచ్చ దారంతో కుట్టేది. అంచు చుట్టూ కుట్టు తిప్పి, చివర రెండు ముళ్ళు వేసి, దారం కొసను లోపలికి తోసేది. పరుపు కుట్టే చేతి అలవాటు.

మసీదులో నమాజు చేయించే గురువును అందరూ హజరత్ అనేవారు. ఆయన జైనాబీని ఆపా అని, అంటే అక్కా అని పిలిచేవాడు. ఆయనకు ఈ మూడో పని నచ్చేది కాదు.

"ఆపా, ఏది అడిగినా అల్లానే అడగాలి. ఆయనకు సాటి లేరని రోజూ ఐదు పూటలా అంటున్నాం. మళ్ళీ మధ్యలో ఈ గుడ్డ ఎందుకు, దారం ఎందుకు?"

జైనాబీ తల ఊపేది. మర్నాడు జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకుని ఏ తల్లో వచ్చేది. ఆ తల్లికి బొట్టు ఉందా లేదా అని జైనాబీ చూసేది కాదు. కుట్టి ఇచ్చేది.

2005 అక్టోబరులో వానలు ఆగలేదు. రంజాన్ నెల, జైనాబీ ఉపవాసం. ఎదురింటి అప్పలకొండమ్మ ఆసుపత్రిలో ఆయా. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి జైనాబీ గుమ్మంలో కూర్చుంది.

"ఒలే సాయిబమ్మా, రోజా అంటే ఉమ్ము కూడా మింగకూడదేటే?"

"ఉమ్ము మింగొచ్చే. నీ మాటలే మింగలేకపోతన్నాను."

"తలుపేసుకుని గుక్కెడు నీళ్ళు తాగితే ఎవడు సూత్తాడే?"

"ఆ సూసేవోడి కోసమే గదే ఉంటన్నాను."

అప్పలకొండమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి వచ్చిన పని చెప్పింది.

"శారదా ఏటిలో ఓ ఆడగుంట సవం దొరికింది. మార్చురీలో నాలుగు రోజులై ఉంది. బొట్టు నేదు, మెట్టెలు నేవు, జబ్బకి తాయెత్తుంది. మీ సాయిబుల పిల్లే అంటన్నారు పోలీసోళ్ళు. ఎవలూ రాకపోతే రేపు బండిలో ఎత్తుకుపోతారు. వచ్చి సూడవే ఓపాలి."

జైనాబీ వెళ్ళింది. ముఖం చూడదగ్గట్టు లేదు. ఎడమ జబ్బకు నల్లగుడ్డ తాయెత్తు. ఆకుపచ్చ దారం. చివర రెండు ముళ్ళు, కొస లోపలికి.

ఆ కుట్టు తనది.

"మా పిల్లే," అంది.

కానిస్టేబుల్ రాసుకున్నాడు. తాయెత్తు కోసి కవరులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నానికి మసీదు కమిటీ శవాన్ని తీసుకుంది.

స్నానం కుడివైపు నుంచి మొదలుపెట్టాలి. కుడి చెయ్యి గుప్పెట బిగుసుకుని ఉంది. జైనాబీ ఒక్కొక్క వేలూ విప్పింది. లోపల నాచు. కడిగేసింది.

వారం తర్వాత ఒక పాత పరుపు విప్పి దూదిలో చెయ్యి పెట్టింది. వేళ్ళు తగిలాయి.

చెయ్యి లాక్కుంది. చూసింది. దూదే.

ఆ రోజు నుంచి ఏ పరుపు విప్పినా తగిలేవి. తెల్లవారి నమాజు చివర కుడి భుజం వైపు, ఎడమ భుజం వైపు తల తిప్పి సలాం చెప్పాలి. ఆ భుజాల దగ్గర ఇద్దరు దూతలుంటారు. ఒకరు మంచి రాస్తారు, ఒకరు చెడు రాస్తారు. ఎడమవైపు తిరిగినప్పుడు చెంపకు తడి తగిలేది. ఏటి వాసన వచ్చేది. ఆ పిల్లకు చేయించవలసినదంతా చేయించింది. ఏది మరిచిపోయిందో తెలియలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. జూన్‌లో ఒక మధ్యాహ్నం తెల్లచీర కట్టిన మనిషి గుమ్మంలో నిలబడింది.

"జైనాబీ అంటే నువ్వేనా?"

"నేనే. పరుపా అమ్మా?"

"మా జాయ్సుని పాతిపెట్టించింది నువ్వేనా?"

ఆమె పేరు రోజలిన్. సబ్బవరం. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన నడిపే మనిషి, భర్త లేడు. ఒక్కతే కూతురు జాయ్స్, చోడవరం అవతల అంగన్‌వాడీ టీచరు. వానల్లో కనబడకుండా పోయింది. ఆ సాయంత్రం విశాఖ బస్సు ఎక్కుతుంటే చూశామని ఎవరో చెప్పారు. తల్లి ఎనిమిది నెలలు విశాఖలో వెతికింది. జాయ్స్ ఆ బస్సు ఎక్కనే లేదు. వాగు దాటబోయి ఏటిలోకి కొట్టుకుపోయింది. మొన్న పోలీసు స్టేషన్లో పాత ఫైళ్ళు తిరగేస్తుంటే తాయెత్తు ఫొటో, జైనాబీ పేరు కనబడ్డాయి. తాయెత్తు ఉన్న కవరు అడిగి తీసుకుంది.

రోజలిన్ కవరు విప్పి తాయెత్తు గడప మీద పెట్టింది.

"మా గుంట క్రైస్తవురాలు. మా గుంటకీ బొట్టుండదు, మెట్టెలుండవు. తెలీదా నీకు?"

"ఈ కుట్టు నాది అమ్మా. అందుకని మా పిల్లనుకున్నాను."

"ఏడేళ్ళప్పుడు ఫిట్సొత్తే ఈ ఊరొచ్చి నేనే కట్టించేను. పాస్టరుగారికి తెలిత్తే ఊరుకోరని జాకెట్టు చేతి కింద దాసేను. పెద్దయ్యాక తీసెయ్యమంటే అదే తియ్యనేదు. అన్ని మతాలోళ్ళూ మీ కాడ కట్టించుకుంటారు. కుట్టినదానివి, నీకు తెలీదేటి?"

"తెలుసు," అంది జైనాబీ.

మరిచిపోయింది అదే. ఈ కుట్టు ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో తనకు తెలుసు. మార్చురీలో ఆ ఒక్క నిమిషం గుర్తు రాలేదు. తన చేతి పని కనబడగానే తన మనిషి అనుకుంది.

"దాన్ని ఏటేటి సేసేవో సెప్పు. ఒక్కటీ దాసొద్దు."

చూసింది చెప్పకూడదు. కానీ అడిగేది తల్లి. జైనాబీ లేచి, మనిషంత పరుపు చుట్టను నేల మీద పడుకోబెట్టింది. దాని మీద దుప్పటి కప్పింది.

"ఇలాగ కప్పే ఉంచేను అమ్మా. బట్ట కిందనించే చెయ్యి. ఒళ్ళు ఎవలికీ కనబడనివ్వలేదు. బిస్మిల్లా అని మొదలెట్టేను. అల్లా పేరుతో అని. ముందు కుడిపక్క, అప్పుడు ఎడంపక్క. మూడుసార్లు. ఆఖరి నీళ్ళలో కర్పూరం. జుట్టు మూడు జడలేసేను. తెల్లబట్టలు అయిదు. జమీందారు కూతురైనా అవే, బిచ్చమెత్తుకునే దానికైనా అవే."

రోజలిన్ పరుపు చుట్ట వైపే చూస్తోంది.

"గుప్పెట్లో నాచుంది. ఒక్కో వేలూ విప్పి కడిగేను."

రోజలిన్ చెయ్యి చాపి దుప్పటి అంచు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"తర్వాత?"

"మగోళ్ళు జనాజా నమాజు చదివేరు, పోయినోళ్ళ కోసం చదివేది. అందులో వంగరు, తల నేలకి ఆనించరు. నిలబడే చదువుతారు. ఈమె తప్పులు మన్నించు అని అడుగుతారు. తర్వాత మట్టిలో కుడిపక్కకి తిప్పి, ముఖం పడమటికి పెట్టేరు. మక్కా అటే."

"మీ మతం అంటే ఏటి? మా పిల్ల దేంట్లోకి ఎల్లిందో నాకు తెలవాలి."

జైనాబీని ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"అప్పగించుకోడం అమ్మా. పుట్టించినవోడికి మనల్ని అప్పగించుకోడం. ఆయన ఒక్కడే. ఎవరికీ పుట్టలేదు, ఎవరినీ కనలేదు. ఈ ఒళ్ళు, ఊపిరి, పిల్లలు, అన్నీ ఆయనవే. దాచమని ఇచ్చిన సొత్తు. అమానత్ అంటాం. ఆయన చెప్పినట్టు వాడుకోవాలి, అడిగిన రోజు ఇచ్చెయ్యాలి. నమాజెందుకంటే అది మరిచిపోకుండా. రోజా ఉంటే ఆకలి తెలుత్తాది. ఉన్నోళ్ళు లేనోళ్ళ వాటా లేనోళ్ళకి ఇవ్వాలి, జకాత్ అంటే అదే. తాహతున్నోళ్ళు బతుకులో ఓసారి హజ్‌కెళ్ళాలి. నేను వెళ్ళలేదు."

"మా యేసు?"

"ఈసా ప్రవక్త. మాకూ గొప్పోరు. ఆయన తల్లి మరియమ్మ పేరు మా పిల్లలకి పెట్టుకుంటాం. దేవుడి కొడుకని మాత్రం అనం. అక్కడ నువ్వూ నేనూ వేరు. ఆఖరి ప్రవక్త ముహమ్మద్. వాళ్ళంతా ఆ ఒక్కడి మాట తెచ్చినోళ్ళే. తీర్పురోజున అందరం మళ్ళీ లేత్తాం."

"మట్టిలో ఊరికే పడుకోడమేనా అప్పటిదాకా?"

ఆ ఒక్కటి చెప్పకూడదనుకుంది జైనాబీ. ఒక్కటీ దాచొద్దంది తల్లి.

"జనం వెళ్ళిపోయేక ఇద్దరు దూతలొచ్చి అడుగుతారు. నీ ప్రభువెవరు? నీ ధర్మమేది? నీ ప్రవక్తెవరు?"

"మా గుంటనీ అడిగేరా?"

జైనాబీ పరుపు చుట్ట మీద దుప్పటి సర్దింది.

"దానికి మీ జవాబులు రావు కదా."

"అల్లా తప్ప దేవుడు లేడని, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్తని సాక్ష్యం చెప్పడమే మాకు మొదలు. అది ఎవరికి వాళ్ళే చెప్పాలి. ఇంకొకరి బదులు చెప్పడానికి లేదు."

"మరి నువ్వు సెప్పేవు గదా దాని బదులు, మీ పిల్లేనని."

రోజలిన్ లేచింది. "తవ్వి తీసికెల్లిపోతాను," అంది. తాయెత్తు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం జైనాబీ మసీదు గుమ్మం దగ్గర నిలబడింది. హజరత్ బయటికి వచ్చి అంతా విన్నాడు.

"ఆ పిల్ల గతేంటి హజరత్?"

"నాకు తెలీదు ఆపా. తెలుసన్న వాడిని నమ్మకు. తీర్పు అల్లాది. మనం పోసిన నీళ్ళు ఎవరినీ ముంచవు, తేల్చవు. ఒకరి బరువు ఇంకొకరి మీద వెయ్యడు ఆయన."

"నా తప్పో?"

"పనిని నియ్యత్‌ను బట్టి చూస్తాడు, మనసులో ఏమనుకుని చేశావో. నువ్వు అనాథ శవాన్ని గౌరవంగా సాగనంపాలనుకున్నావు. అది మంచిదే. కానీ సొత్తు ఆ తల్లిది. ఆవిడ అడిగితే ఇచ్చెయ్యాలి. తవ్వడానికి తాసీల్దారు కాగితం నేనే తెప్పిస్తాను."

జైనాబీ ఇంటికి వచ్చింది. మర్నాటి నుంచి వేళ్ళతో పాటు ప్రశ్న కూడా మొదలైంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే, ఎండలో దూది తిరగేస్తుంటే. నీ ప్రభువెవరు? తెలియని భాషలో, తెలియని మట్టిలో ఒక పిల్లను అడుగుతున్నారు. ప్రశ్న వినిపించేది. జవాబు వినిపించేది కాదు. జైనాబీ పని ఆపి ఎదురుచూసేది.

పదిరోజులకు రోజలిన్ మళ్ళీ వచ్చింది. తవ్వే సంగతి ఎత్తలేదు. తాయెత్తు జైనాబీ చేతిలో పెట్టింది.

"విప్పు. లోపల ఏటి రాసుందో సూడాలి."

జైనాబీ తను వేసిన రెండు ముళ్ళు తనే కోసింది. కాగితం మడతలు విప్పింది. ఏరు అక్షరాలన్నీ తీసుకుపోయింది. ఒకచోట నీలం మరక. మిగతాదంతా ఖాళీ.

ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.

"మా పాస్టరుగారు కట్టొద్దనీవోరు," అంది రోజలిన్.

"మా హజరత్ కుట్టొద్దనేవారు."

"ఇద్దరం ఇన్నేం కాదు."

ఎదురుగా అప్పలకొండమ్మ గడప కడుగుతున్న చప్పుడు.

"తవ్వొద్దులే," అంది రోజలిన్. "నీళ్ళలోంచి ఓపాలి తీసేరు. మట్టిలోంచి ఇంకోపాలి తియ్యనేను. నా పేర్థన నేను సేసుకుంటాను. ఆ పిల్లెవలో ఆయనకి తెలుసు."

"నన్ను మన్నించేవా అమ్మా?"

"నేదు," అంది రోజలిన్. తర్వాత, "మంచినీళ్ళియ్యి," అంది.

జైనాబీ మళ్ళీ తాయెత్తు కుట్టలేదు. తల్లులు వస్తే, "ఆసుపత్రికి తీసికెళ్ళమ్మా. దువా నేను చేత్తాను, అల్లానే అడుగుతాను," అనేది. ఏటా నవంబరులో క్రైస్తవుల సమాధుల పండుగకు రోజలిన్ వచ్చేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు కబరస్తాన్ లోపలికి, సమాధుల దగ్గరికి వెళ్ళరు. గేటు బయట గోడ మీద కొవ్వొత్తి వెలిగించి కళ్ళు మూసుకునేది. గాలి వస్తే జైనాబీ కొంగు అడ్డం పెట్టేది. 

వేళ్ళు తగలడం ఆగలేదు. చివరికి జైనాబీ చెయ్యి లాక్కోవడం మానేసింది. అవి ఉన్నంతసేపు చెయ్యి అలాగే ఉంచేది.

2009లో జైనాబీకి జబ్బు చేసింది. హజరత్‌ను పిలిపించింది.

"నన్ను ఆ పిల్ల పక్కనే పెట్టండి. తూర్పువైపు. అందరి ముఖం పడమటికే గదా. అక్కడైతే ఆ పిల్ల వైపు తిరిగుంటాను."

"ఎందుకు ఆపా?"

"ఆ ఇద్దరు దూతలొచ్చి అడిగినప్పుడు, దీన్ని తెచ్చింది నేను, అడగాల్సింది నన్ను అంటాను."

"ఒకరి బదులు ఒకరు చెప్పడం ఉండదు. నీకు తెలుసు."

"తెలుసు హజరత్. అయినా పక్కనుంటాను."

ఆ మాట ప్రకారమే పెట్టారు. స్నానం ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషే చేయించింది. కుడివైపు నుంచి మొదలుపెట్టింది.

నవంబరులో రోజలిన్ వచ్చింది. గేటు దగ్గర ఈసారి అప్పలకొండమ్మ నిలబడి ఉంది.

"సాయిబమ్మ పోయిందమ్మా. మీ పిల్ల పక్కనే పడుకుంది."

"ఏ పక్క?"

"తూర్పుపక్క. మీ పిల్ల వీపు కాడ."

రోజలిన్ చాలాసేపు గేటు సందులోంచి లోపలికి చూసింది. గోడ మీద కొవ్వొత్తి వెలిగించింది. గాలి వచ్చింది. తన కొంగే అడ్డం పెట్టుకుంది.