ఆమె జరిపిన మల్లెకుండీ

ఉద్యోగం పోయాక మొక్కల పనిలో పడ్డాను. హైటెక్ సిటీలో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఒక మధ్యాహ్నం ఐడీ కార్డు అప్పగించి కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌కు తిరిగొచ్చాను. నాకు చేతనైన ఇంకో పని మొక్కలు పెంచడమొక్కటే. అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో మొక్కలు పెట్టి, వారం వారం వచ్చి చూసుకుంటానని చెప్పుకోవాలి. దుకాణం లేదు, బోర్డు లేదు. సోషల్ మీడియానే దిక్కు. ఈ చుట్టుపక్కల ఎవరైనా బాల్కనీ ఫోటో పెడితే, వాళ్లకు నేరుగా మెసేజ్ రాసేదాన్ని. అందరికీ ఒకే మాట పంపితే ఎవరూ పలకరని త్వరగానే తెలిసింది. అందుకని ఫోటో బాగా చూసి, వాళ్ల మొక్క గురించే రాసేదాన్ని. అయినా చాలామంది ఊరుకునేవారు.

ఒకమ్మాయి బాల్కనీ నాకు బాగా నచ్చింది. పాత కుక్కర్‌లో కరివేపాకు, గోడ పక్కన కుండీలో మల్లె, గ్రిల్‌కు పాకించిన శంఖుపూల తీగ. "మీ మల్లెకు ఎండ చాలడం లేదండి. కుండీని గ్రిల్ వైపు జరిపి చూడండి" అని రాశాను. జవాబు లేదు. కొన్నాళ్లాగి మళ్లీ రాశాను. వానలు పట్టాక, కుండీల్లో నీళ్లు నిలవనీయకండి అని ఇంకొకటి పంపాను. పట్టు వదలకూడదని గిరాకీ తెచ్చుకోవడం నేర్పే వీడియోల్లో అందరూ చెప్పేవారు.

చివరికి జవాబు వచ్చింది.

"మేడం, నేను వాళ్ల అక్కను. మా చెల్లె ఇగ లేదు. డెంగీ వచ్చి పోయింది. మీ మెసేజ్‌లు ఇయ్యాల చూసిన."

మెసేజ్‌ను మళ్లీ మొదటి నుంచి చదివాను. అంతలోనే ఇంకొకటి వచ్చింది. "మొక్కలు ఎండిపోతున్నయ్. నాకేం తెల్వది. జర వచ్చి చూస్తరా?"

ఇల్లు హఫీజ్‌పేట్ స్టేషన్‌కు దగ్గర్లో, మూడో అంతస్తులో. అక్క తలుపు తీసింది. గదంతా సగం సర్దిన అట్టపెట్టెలు. కిరాయి ఇల్లు, నెలాఖరుకు ఖాళీ చేయాలట. ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ గోడవారగా కూర్చుని ఉంది.

"మా బిడ్డ ఆఫీసు నుంచి వచ్చినవా?" అని అడిగింది నన్ను.

"కాదమ్మా, మొక్కలు చూస్తందుకు వచ్చింది" అంది అక్క.

బాల్కనీలో శంఖుపూల తీగ గ్రిల్‌కు అంటుకునే ఎండిపోయింది. గోడ పక్కన గచ్చు మీద గుండ్రటి మట్టి మరక ఉంది, కుండీ లేదు. మల్లెకుండీ గ్రిల్ దగ్గరుంది.

"ఇది ఎవరు జరిపారండి?"

"ఆమెనే. ఫోన్ల చెప్పింది. ఎవరో మేడం చెప్పిందక్కా, ఎండకు పెట్టిన అన్నది. అంత బరువుది ఒక్కదానివే ఎందుకు జరిపినవే అని తిట్టిన." అక్క కుండీ అంచు మీది మట్టిని వేలితో తుడిచింది. "మర్నాడే జ్వరమొచ్చింది."

మొహం తిప్పుకుని ఎండుటాకులు తుంచడం మొదలుపెట్టాను. నాకు జవాబే ఇవ్వని మనిషి నా మాట విన్నది. నేనేమో ఆమె పోయాక కూడా రాస్తూనే ఉన్నాను.

ఆ నెలంతా వీలైనప్పుడల్లా వెళ్లాను. వాళ్లమ్మ ఒక స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చునేది. కూతురు చిన్నప్పుడు మందారం మొగ్గలు విచ్చకముందే తెంపేదని ఒకసారి చెప్పింది. కరివేపాకు చిగురేసింది. మల్లె మాత్రం బతకలేదు. గ్రిల్ దగ్గర వాన జల్లు పడి, కుండీలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోయాయి. ఆ మాట అమ్మకు చెప్పడానికి రెండుసార్లు వెళ్లీ చెప్పలేకపోయాను.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఇక తప్పలేదు. "మల్లె పోయిందమ్మా. కుండీ నేను తీసేస్తాను" అన్నాను.

"ఉండనియ్యి" అంది ఆమె. "గా మట్టి నా బిడ్డ చేతులతోని కలిపింది."

సామాను ఆటోలో వెనక చోటున్నా, ఆ కుండీని ఒళ్లోనే పెట్టుకుని వెళ్లింది.

అక్క చెప్పడం వల్ల అదే బిల్డింగులో ఇద్దరు ముగ్గురు నన్ను పిలిచారు. నేను మెసేజ్ పెట్టకుండా పని దొరకడం అదే మొదలు. మా ఇంట్లో అందరూ సంతోషించారు. నేను వాళ్ల ముందు నవ్వాను. ఇప్పటికీ ఆ బిల్డింగుకు వెళ్తుంటాను. మూడో అంతస్తు బాల్కనీ వైపు చూడకుండా గేటు దాటడం మాత్రం నా వల్ల కావడం లేదు. అక్కడ వేరేవాళ్ల బట్టలు ఆరుతుంటాయి.