తెగిన చెప్పు నడక

ముందు అడుగులు వినిపించాయి. ఎవరో చెక్క మెట్లు నిదానంగా దిగుతున్నట్టు. మూడో అడుగుకు చిన్న చప్పట లాంటి శబ్దం, ఆ తర్వాత మళ్ళీ నడక. ఆ పాత సామాన్ల దుకాణంలో మెట్లే లేవు. అమ్మబోయే టేప్ రికార్డర్ పనిచేస్తుందో లేదో చూడటానికి దుకాణదారు చేతికందిన క్యాసెట్ పెట్టాడు.

పాత కోట్ల గుట్ట వెనకనుంచి పిన్ని లేచింది. గుప్పెట్లో గుండీలు.

"ఆపకు బాబూ. అవి నా కాళ్ళు."

"మీ కాళ్ళు మీ దగ్గరే ఉన్నాయిగా అమ్మా, నేనెక్కడ దాచాను?" అన్నాడతను.

పిన్ని మా కింది వాటాలో ఉంటుంది. లాండ్రీకి వచ్చే బట్టలకు ఊడిన గుండీలు కుడుతుంది. జత కుదిరే గుండీ దొరికేదాకా పాత కోట్లు వెతుకుతుంది. ఆ ఆదివారం నేను తోడు వెళ్ళాను. ఒకప్పుడు ఆమెను చప్పుళ్ళక్క అనేవారని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె అన్నయ్య డిటెక్టివ్ నాటకాలు రాసి, ఒక అద్దె గదిలో రికార్డు చేసి, క్యాసెట్లు అమ్మేవాడు. గోడలకు బొంతలు వేలాడేవి. గొంతులు ఎవరెవరివో, చప్పుళ్ళు మాత్రం చెల్లెలివి. జల్లెడలో బియ్యం దొర్లితే వాన. తడిగుడ్డ పిండితే రక్తం.

"రక్తానికి చప్పుడేంటి పిన్నీ?"

"భయపడేవాళ్ళకి ఉంటుందిలే."

నడకలంటే ఆమెకు ప్రాణం. చెక్క పలక మీద నర్సుకు మునివేళ్ళతో, హంతకుడికి మడమలతో నడిచేది. ఎవరి నడక వారికే ఇచ్చేది. ఎవరి గుండీ వారి చొక్కాకే కుట్టినట్టు.

"క్యాసెట్ చివర అన్నయ్య అందరి పేర్లూ చదివేవాడు. నా పేరూ చదవవా అని ఒక్కసారి అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. కొన్నాళ్ళకే వచ్చి, ఇంక నాటకాల్లేవమ్మా, కొనేవాళ్ళు లేరు, గది ఖాళీ చేసేశా అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. వాణ్ణి నేనే ఓదార్చాను, తెలుసా?"

దుకాణదారు బల్ల కింద వెతికి, అట్టపెట్టెడు క్యాసెట్లు ఇచ్చాడు. వాటితోపాటు ఆ టేప్ రికార్డర్‌నూ ఇంటికి తెచ్చుకున్నాం. ఏదో ఒక కథ చివర తన పేరు ఉంటుందని పిన్ని ఆశ. బట్టల మూట పక్కకు నెట్టి, రికార్డర్ దగ్గరగా చెవి పెట్టుకు కూర్చుంది.

కథలో డిటెక్టివ్‌కు సాయంగా ఒక అమ్మాయి మాట్లాడింది. పిన్ని మెడ నిక్కించింది.

"ఇది మా అన్నయ్య కూతురు."

"మీతోపాటు చేసేదా?"

"గది ఖాళీ చేశానన్నప్పుడు అది ఉయ్యాల్లో ఉంది."

ఆమె టేపు శబ్దం పెంచింది. కథలో పోలీసు నడిచాడు, మూడో అడుగుకు చప్పట. నర్సు నడిచింది, చప్పట. క్యాసెట్ మార్చాం. ముసలి జమీందారు నడిచాడు. అదే చప్పట, నీళ్ళలో చేప తోకతో కొట్టినట్టు.

"ఈ నడక రికార్డు చేసిన రోజు నా చెప్పు తెగింది," అంది చివరికి. "కాలివేళ్ళతో ఒడిసిపట్టుకుని నడిచాను. ఇంకోసారి నడుస్తానన్నా. బాగుంది, ఉండనీ అన్నాడు. ఆ ముక్కే కత్తిరించుకుని అందరికీ అతికించాడు. ఇన్ని కథలకీ, దొంగకీ దొరకీ ఒకే నడక! కనీసం పిలిచుంటే తలా ఒక నడక నడిచి ఇచ్చేదాన్ని కదా."

టేపు చివరికొచ్చింది. అన్నయ్య గొంతు పేర్లు చదువుతోంది. శబ్దాలు అన్నాక వచ్చింది పిన్ని వదిన పేరు.

"గరిటె కిందపడితే ఉలిక్కిపడే మనిషి మా వదిన!" పిన్ని పకపకా నవ్వింది. ఆ నవ్వు, టేపు నలిగినట్టు, మధ్యలో ఆగిపోయింది.

ప్రతి ఆదివారం సాయంత్రం అన్నయ్య టీకి వస్తాడు. పళ్ళెంలో రెండు కప్పులు ముందే సర్ది ఉన్నాయి. పిన్ని లేచి ఒకటి తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచి, అలమరలో బోర్లించింది.

గేటు దగ్గర స్కూటర్ ఆగింది. ఆమె టేపు వెనక్కి తిప్పి, మీట నొక్కి, కాళ్ళు చీరలోకి ముడుచుకుని నేలమీద కూర్చుంది. గదంతా అడుగులు మొదలయ్యాయి.

"నేను ఇంట్లో లేనని చెప్పు," అంది నాతో. "లోపల నడుస్తోంది కదా అంటే, అది టేపని చెప్పు."