చింతపండుతో తోమిన బోర్డు

కోదాడలో మా అమ్మాయి ఇంట్లో మొన్న ఫ్రిజ్ ఆగిపోతే మెకానిక్ వచ్చి, లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని చెప్పి, కొత్తది బిగించి, పాతదాన్ని చెత్తబుట్టలో పడేసి వెళ్లాడు. తీసి వెలుతురులో తిప్పి చూశాను. ఒక మూల రాగి గీత మీద పచ్చగా చిలుము చేరింది, అంతే. నా వయసు వాళ్లు ఇంకెవరైనా మెకానిక్ మాట నమ్ముతారేమో గానీ, ఒకప్పుడు అలాంటి చిలుము వదిలించడమే నా పని.

మిర్యాలగూడలో మా ఆయనకు మోటారు స్టార్టర్లు, రేడియోలు బాగుచేసే చిన్న షాపు ఉండేది. ముందు షాపు, వెనుక ఇల్లు, మధ్యలో ఒక తెర. నల్లబడిన బోర్డుల మీది రాగి గీతలను పెన్సిలు రబ్బరుతో ఒకే దిక్కుకు మెల్లగా రుద్ది, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక పలుచగా వార్నిష్ పూయడం నాకు నేర్పారు. అక్షరాలు నేను నేర్చుకున్నది యాభై దాటాక. కానీ ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో, ఎక్కడ తెగిందో అప్పుడే వేలు పెట్టి చూపగలిగేదాన్ని. ఆయన షాపుకు వచ్చినవాళ్లతో "మా ఇంటామె బిందెలు తోమినట్టు తోముతది, సూడున్రి ఎట్ల మెరుస్తున్నదో" అని నవ్వేవారు. ఆ మాట వింటే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

కాలువ నీళ్లు రాని ఒక ఏడాది, వేములపల్లి నుంచి ఒకామె స్టార్టరు పెట్టెలోని బోర్డును తువ్వాలలో చుట్టుకొని వచ్చింది. మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోతే మోటారు కాలిపోకుండా దానంతటదే ఆపే బోర్డు అది. భర్త లేడు, కౌలుకు చేస్తున్న నాలుగెకరాలకూ ఆ ఒక్క బోరే ఆధారం. నన్ను అక్కా అని పిలిచింది కనుక నేనూ చెల్లె అనే అంటాను.

ఆ రోజు మా ఆయన సామాను కోసం సూర్యాపేట పోతూ, తాను వచ్చేసరికి బోర్డు శుభ్రం చేసి ఉంచమన్నారు, వచ్చి టంకం పెడతానన్నారు. చెల్లె స్టూలు మీద కూర్చొని నా చేతులనే చూస్తోంది. "వరి పొట్ట మీదున్నది అక్కా, జర జల్ది చెయ్యి. ఇప్పుడు నీళ్లు లేకుంటె గింజ పాలు పోసుకోదు" అంది. ఎంత రుద్దినా ఆ నలుపు వదలదు. ఆమె తొందర నాకూ అంటుకుంది. ఇంట్లోకి వెళ్లి, రాగి బిందెకు పట్టించినట్టే చింతపండులో ఉప్పు కలిపి పట్టించాను. రెండు నిమిషాల్లో గీతలన్నీ కొత్త చెంబులా ఎర్రగా తళతళలాడాయి. నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి చూసి మెచ్చుకొని టంకం పెట్టాక, పైన వార్నిష్ పూశాను. ఎలా చేశావని అడగలేదు, నేనూ చెప్పలేదు.

పదిహేను రోజులు కాకముందే చెల్లె మళ్లీ వచ్చింది. ఒక ఫేజు పోయినా బోర్డు ఆపలేదట, మోటారు కాలిపోయింది, దానికి కొత్త తీగ చుట్టించేలోగా మడి నెర్రెలిచ్చింది. ఆయన బోర్డు విప్పితే వార్నిష్ కింద గీతలన్నీ పచ్చబడి, ఒకచోట దారంలా సన్నగిల్లి తెగిపోయి ఉన్నాయి. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నారు. తెర వైపు ఒక్కసారి చూశారు. తర్వాత ఆమెతో "నా చేతి తప్పేనమ్మా" అన్నారు. "నీ చెయ్యి మంచిదంటెనే గదనే అన్నా, ఇంత దూరం నేనొచ్చింది" అని ఆమె వెళ్లిపోయింది. నేను తెర వెనుకే నిలబడిపోయాను.

ఆమె పోయాక ఆయన కోప్పడలేదు. "ఉప్పు కడిగినా పోదే. సందులల్ల మిగిలి లోపల్నించి తింటది. ఎట్ల తుడవాల్నో చెప్పిన గని, ఎందుకట్లనో నీకెన్నడు చెప్పలే" అన్నారు. తప్పులో సగం ఆయన తీసుకున్నారు గానీ, మిగిలిన సగం నన్ను కూర్చోనివ్వలేదు.

కోతల రోజుల్లో బస్సెక్కి వేములపల్లి వెళ్లాను. చెల్లె కల్లంలో వడ్లు తూర్పార పడుతోంది. చాటలోంచి జారినదాంట్లో సగం గింజ పట్టని తాలే, గాలికి పోతోంది. బోర్డు తోమింది మా ఆయన కాదు, నేనని, చింతపండుతో తోమానని చెప్పాను. చాట దించి నా వంక చూసింది. "మా ఇంట్ల చెంబు నేను గూడ గట్లనే తోముత. నీ జాగల నేనున్నా గదే చేద్దును" అంది. మళ్లీ, "అప్పుడే చెప్పకపోతివి, పాపం అన్న తప్పు లేకున్నా మాట అంటి" అంది. పంట సంగతి ఎత్తలేదు. ఒక చాట నా చేతికిచ్చింది. పొద్దు వాలేదాకా ఇద్దరం తూర్పార పట్టాం.

మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పాడైనదాన్ని ఎవరూ తోమరు, తీసేసి కొత్తది పెడతారు. అదే మేలు కావచ్చు, నాలాంటి వాళ్ల చేతిలో ఒకరి పంట పాడు కాదు. కానీ ఆ కొత్తది పాడైతే ఎక్కడ పొరపాటు పడ్డారో చేసినవాళ్లకూ తెలియదు, ఎవరు చేశారో కొన్నవాళ్లకూ తెలియదు. తప్పు నాదని చెప్పుకోవడానికి ఎవరూ ఎవరి కల్లానికీ బస్సెక్కి వెళ్లనక్కరలేదు. వెళదామన్నా, ఎవరి దగ్గరికని వెళతారు?