కాంపౌండరు ఎందుకు చంపాడు

మా అక్క పెళ్ళి ఒక టీవీ సీరియల్ వల్ల ఆగింది. ఈ మాట ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. అప్పుడు మా ఇంట్లో నేనొక్కణ్ణే నవ్వాను, అందుకు నాన్న చేత తిట్లు కూడా తిన్నాను.

తొంభైల మొదట్లో చోడవరంలో మా వీధికి టీవీ అంటే మా ఇల్లే. వారానికోసారి సాయంత్రం వచ్చే డిటెక్టివ్ సీరియల్‌కి అందరికంటే ముందు కూర్చునేది మా మామ్మ. మామ్మ అంటే నాన్నకి అమ్మ. చెరకు ఎప్పుడు నరికించాలో కూడా నాన్న ఆవిడనే అడిగేవాడు. ఇక పెళ్ళి సంగతి చెప్పాలా?

సీరియల్లో ఒక జమీందారు హత్య. ఇంటినిండా చుట్టాలు, అందరి మీదా అనుమానమే. అది నడుస్తున్న రోజుల్లోనే అక్కకి చీడికాడ నుంచి సంబంధం వచ్చింది. కుర్రాడు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. పెళ్ళిచూపుల్లో అక్క ఎవరూ అడగకుండానే రెండోసారి కాఫీ పట్టుకెళ్ళింది. నచ్చాడన్న మాటని మా ఇంట్లో అంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు. తాంబూలాలు పుచ్చుకోవడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడు సీరియల్ ముగిసింది. డిటెక్టివు అందరినీ హాల్లో నిలబెట్టి, అటూ ఇటూ నడిచి, చటుక్కున తిరిగి, జమీందారుకి మందులిచ్చే కాంపౌండరు వైపు వేలు చూపించాడు. వాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మీదే పేర్లు పడ్డాయి. ఎందుకు చంపాడో చెప్పలేదు. మేడ మీద ఏడ్చిందెవరో, బావిలో దొరికిన చెప్పులు ఎవరివో అసలే చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న తాంబూలాల మాట ఎత్తాడు.

"కాంపౌండరు వొద్దురా," అంది మామ్మ.

"అమ్మా, సీరియల్లో ఆడు వేరు, ఈ కుర్రోడు వేరు."

"వేరే. ఆ మాత్రం నాకు తెలీదేటి? డబ్బు కోసం సంపేడంటే, మన ఆడగుంట డబ్బు ఆడి సేతికే ఇచ్చీసి కూకుంటది. కోపమొచ్చి సంపేడంటే, కోపం రాకుండా సూసుకుంటది. ఎందుకు సంపేడో తెలీకపోతే దేనికని జాగరత్త పడాల?"

నాన్న తువ్వాలు దులుపుకున్నాడు. జవాబు నేను చెప్పాను.

"మామ్మా, ఆడు సంపింది జమీందార్ని. మనకున్న ఎకరన్నరకి మన జోలికి ఎవడొస్తాడే?"

"నువ్వు నోర్ముయ్యరా గుంటడా."

అక్క ఏడవలేదు. పప్పులో ఉప్పు వెయ్యడం మానేసింది. రెండు పూటలయ్యాక పెరట్లో నన్ను పట్టుకుంది.

"ఒరే, ఏదో ఒక కారణం సెప్పరా మామ్మకి. ఊరందరికీ కతలు సెప్తావు కదా."

"సెప్తాను గానీ ముందు ఉప్పెయ్యవే," అన్నాను.

సాయంత్రం మామ్మ దగ్గర కూర్చుని, జమీందారు ఆ కాంపౌండరు తండ్రి పొలం లాక్కున్నాడనీ, అది పగ అనీ గంభీరంగా చెప్పాను. మామ్మ వత్తులు చేస్తూనే విన్నది.

"పగున్నోడు, ఆ ముసిలోడికి జొరమొస్తే రాత్రంతా కూకుని తడిగుడ్డలెందుకేసేడ్రా?"

ఏ వారం ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారో కూడా ఆవిడకి గుర్తే. నేను లేచి వచ్చేశాను.

ఆదివారం బస్సు దిగి పెళ్ళికొడుకే స్వయంగా వచ్చాడు. కబురు ఎందుకు రాలేదో కనుక్కుందామని. నాన్న నీళ్ళు నమిలాడు. మామ్మకి ఆ అలవాటు లేదు. మంచం మీద కూర్చోబెట్టి, వత్తులు చేసుకుంటూ నేరుగా అడిగేసింది.

"బాబూ, ఆ సీరియల్లో కాంపౌండరు ఎందుకు సంపేడు?"

వంటింటి తలుపు వెనక అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది. అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆడు సంపనేదండి మామ్మగారూ."

"మరి నవ్వేడు కదా."

"నవ్వక ఏటి సేస్తాడండి? సీరియల్ తీసినోళ్ళకిచ్చిన వారాలు అయిపోయాయి. ఎవుడో ఒకడు దొరకాల. ఇంట్లో అందరూ చుట్టాలే, బయటోడు ఈడొక్కడే. హత్య జరిగినప్పుడు ఈడు ఆస్పత్రిలో కట్టు కడతన్నాడండి. సూపించేరు కూడాను."

మామ్మ చేతిలో వత్తి ఆగింది. "అవును. సైకిలు మీంచి పడ్డ పిల్లోడికి. నానూ సూసేను."

"జమీందారు తమ్ముడు ఊరెళ్తన్నానని బస్సెక్కేడు కదండీ. ఆడి కాళ్ళకి చెప్పుల్లేవు. సూసేరా?"

"బావిలోయి ఆడివేనేటి?"

"ఆడివేనండి."

"ఎందుకు సంపేడు మరి?"

"ఆస్తండి."

మామ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, ఆ వారమంతా బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలింది. "ఆస్తి. మరి సెప్పరేటి ఆళ్ళు? పాపం ఆ కుర్రోడు."

"పై కోర్టులో వొదిలేస్తార్లెండి," అన్నాడతను, చాలా మర్యాదగా.

మేడ మీద ఏడ్చిందెవరన్న విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. ఆవిడ వంటమనిషి అంటుంది, ఇతను జమీందారు వదినగారంటాడు. భోజనాల వేళ దాకా వాదించుకున్నారు. ఆ వాదన వింటూ నాన్న, పెళ్ళి కుదిరిందని ఎవరూ చెప్పకుండానే, బజారుకి వెళ్ళి మిఠాయి తెచ్చాడు. తలుపు వెనక మళ్ళీ గాజులు గలగలలాడాయి.

అతన్ని బస్సెక్కించి వచ్చాక మామ్మ నాన్నని పిలిచి, తాంబూలాలకి మంచిరోజు చూడమంది. కొత్త సీరియల్ మొదలయ్యే లోపల చూడమంది.