ఇద్దరు చూసిన నీరు

జూలై ఏడు, సోమవారం. తెల్లవారినప్పటి నుంచి వాన. బాల్కనీ తూములో ఇరుక్కున్న చెత్త తీశాను.

చేతులు కడుక్కుంటుండగా కిటికీ ముందు తాడు కదిలింది. బర్మాలో మేముండే ఈ లమ్మడా పేటలో ప్రతి మేడకూ ఇలాంటి తాళ్ళు వేలాడుతుంటాయి. కొసన ఒక క్లిప్పు. దానికి పేపరో కూరల సంచో తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. మాది రెండో అంతస్తు. ఐదో అంతస్తులో ఉండే సయా తాడు మా కిటికీ ముందు నుంచే దిగుతుంది. అది రెండుసార్లు ఊగి ఆగితే సయా నన్ను పిలుస్తున్నారని అర్థం. ఆ రోజు ఆగకుండా ఊగుతూనే ఉంది. పైకి వెళ్ళేసరికి ఆయన కోడలు తాడు పట్టుకునే నిలబడి ఉంది.

"మావయ్య ఇంక నేరు, చిన్నాన్నా. మీకు సెప్దారంటే మెట్లు దిగడానికి కాళ్ళు రానేదు," అంది.

ఆయన గురించి రాయమని ఈ పత్రికవారు అడిగారు. ఏ రోజు ఏం పని చేశానో రెండు ముక్కలు రాసుకోవడం తప్ప నాకు మరో రాత రాదు. ఆ పుస్తకాలే ముందు పెట్టుకుని రాస్తున్నాను.

వీధిలో అందరికీ ఆయన సయా, అంటే బర్మా భాషలో మాస్టారు. నిజానికి ఏ బడిలోనూ చెప్పలేదు. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయ్యారు. ఒకసారి పబేడాన్‌లో నేను ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టుకి ఒక పెద్ద కట్ట పట్టుకొచ్చారు. విమానం నుంచి తీసిన పాత ఫోటోలు. వానలకు బూజు పట్టాయి. తుడిచి అట్టల్లో పెట్టమన్నారు. నేను తుడుస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయాను.

"ఏటి సూస్తన్నావు?"

"ఈ నల్లమచ్చ బూజు కాదండీ. తుడిస్తే పోవట్నేదు."

ఆయన పెద్దగా నవ్వారు. "చెరువుని తుడిసేద్దారనుకున్నావేటి? సాయంత్రం మా ఇంటికి రా."

అలా మొదలైంది. ఊరి చుట్టూ ఉన్న చెరువులూ బురద నేలలూ ఎక్కడెక్కడున్నాయో ఆ ఫోటోలు చూసి పటం గీసే పని అది. పక్షుల బాగోగులు చూసే ఒక చిన్న సంస్థ అడిగింది. పటంలో సిరాతో ఎక్కిన చెరువును పూడ్చనివ్వకుండా వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. పెన్సిల్ గీత దగ్గరే ఆగినదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆరో తరగతితో బడి మానేసిన నన్ను ఆయన ఆ బల్ల ముందు కూర్చోబెట్టారు.

ఒకే చోటును కాస్త పక్కపక్కగా తీసిన రెండు ఫోటోలు జంటగా పెట్టి, కాళ్ళున్న జంట అద్దాల్లోంచి చూడాలి. మొదట రెండుగా కనిపిస్తుంది. కళ్ళు కుదురుకున్నాక ఒక్కటై, గట్లు పైకి లేస్తాయి, చెరువు లోపలికి దిగుతుంది. మొదటిసారి అది చూసి నేను బల్ల అంచు పట్టుకున్నాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఒకరి తర్వాత ఒకరం చూడాలి. ఇద్దరం పైకి "నీరు" అనాలి. అప్పుడే సిరా. "ఒకడు సూసింది మచ్చ. ఇద్దరు సూసిందే నీరు," అనేవారు. తేడా వస్తే బస్సెక్కి అక్కడికి పోవడమే. "అనుమానం ఉంటే కాళ్ళు తడుపుకో," అని ఆయనే ముందు పంచె ఎగగట్టేవారు. పని ముగిశాక అద్దాలు తుడవడం ఒకరోజు ఆయన వంతు, ఒకరోజు నాది. నా పుస్తకంలో ప్రతి రోజూ ఆ మాటతోనే ముగుస్తుంది.

మా మధ్య అంతకన్నా ఎక్కువ మాటలు ఉండేవి కావు. టీ వచ్చేది, తాగేవాళ్ళం. నాకు ఇంట్లో ఎవరూ లేరు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తాడు మాత్రం రోజూ ఊగేది.

పోయిన ఏడాది వానలప్పుడు ఒక తప్పు చేశాను. ఎడమ ఫోటో కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టేశాను. అలా పెడితే లోకం తిరగబడుతుంది. గట్టు గొయ్యిలా, చెరువు దిబ్బలా కనిపిస్తాయి. నేను గమనించేలోపే ఆయన అద్దాల మీదికి వంగారు. తిడతారనుకున్నాను. చాలాసేపు చూసి, "నీరు," అన్నారు.

ఆయన ఎడమ కంట్లో పొర అప్పుడు గుర్తుకొచ్చింది. ఒక్క కంటికి లోతు తెలియదు. ఆయనకు కొంతకాలంగా అన్నీ చదునుగానే కనిపిస్తున్నాయన్న మాట. నేను ఫోటోలు సరిచేసి, చూసి, "నీరు," అన్నాను. ఆ రోజు అద్దాలు నేను తుడిచాను. వంతు నాది కాదు.

అప్పటి నుంచి ఆయన నా నోటి నుంచి ముందు మాట వచ్చేదాకా ఆగి, తర్వాత అనేవారు. ఆదివారాలు నేను ఒక్కణ్నే వెళ్ళి ఆ చెరువుల్లో కాళ్ళు తడుపుకుని వచ్చేవాణ్ని. ఎక్కడికని ఆయన అడగలేదు.

పోవడానికి వారం ముందు మంచం మీంచే అన్నారు. "ఏడాదిగా నీ కళ్ళతోనే సూస్తన్నాను. నీకు తెల్సు."

"తెల్సండీ."

"మరి సెప్పనేదేటి?"

"మీరు సెప్పనేదు గదండీ."

నవ్వబోతే దగ్గు వచ్చింది. నీళ్ళు తాగించాను. "ఆదివారాలు నీ చెప్పులకి బురద నాకు కనబడతాదిలే," అన్నారు. ఆ తర్వాత, "చివరి షీటులో ఒకటి మిగిలిపోనాది. వొదిలీకు," అన్నారు.

ఆ ఒక్కదానికి ఇంకా పెన్సిల్ గీతే ఉంది. అద్దాల్లో నేను చూశాను. నీరే. కానీ రెండో మాట అనేవాళ్ళు లేరు. ఇరవై రోజులకు పైగా సిరాసీసా మూత తియ్యలేదు.

నిన్న బస్సెక్కాను. దిగాక అరగంట నడక. సగం చెరువును అప్పటికే ఎర్రమట్టితో పూడ్చేశారు. లారీ జాడలు కొత్తవి. మిగిలిన సగంలో ఒకావిడ నడుముదాకా దిగి తూటికూర కోస్తోంది. నేను లుంగీ ఎగగట్టి, గొడుగు వేసుకునే దిగాను.

"ఊలే, కింద ములుగుతూ పైన గొడుగెందుకు?" అని నవ్వింది, బర్మా భాషలో. ఊలే అంటే చిన్నాన్న.

మోకాళ్ళు దాటాక ఆగి, "ఇదేమిటమ్మా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. పిచ్చివాడనుకుందో ఏమో, దోసిలితో తీసి నా వైపు చూపించి, "యే," అంది. నీరు. "నిలబడ్డారుగా అందులో. కళ్ళు కనపడవా?"

"ఒకాయనకి కనపడేవి కావు," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఒక కూరకట్ట నా చేతిలో పెట్టింది.

ఆగస్టు మూడు, ఆదివారం. వాన తెరిపి ఇచ్చింది. తూటికూర వండాను. సగం తాడుకి తగిలిస్తే ఆయన కోడలు పైకి లాక్కుంది. చివరి షీటు పరిచి, మరోసారి చూసి, "నీరు," అన్నాను. నిన్నటి ఆవిడ మాట కలుపుకుని సిరా పెట్టాను. పూడ్చిన సగం కూడా చెరువుగానే గీశాను. రేపు సంస్థకు ఇస్తాను. సిరా ఆరేదాకా కిటికీ దగ్గర కూర్చున్నాను. తాడు తడిసి, క్లిప్పు ఖాళీగా, గాలికి రెండుసార్లు ఊగి ఆగింది. వంతు ప్రకారం ఇవాళ అద్దాలు ఆయన తుడవాలి. నేనే తుడిచాను.