నీటి ధార ఆగినచోటు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. అక్కడ చిక్కుకున్నవాడు పిల్లల పెళ్ళిళ్ళు కూడా అక్కడే చేసుకోవాలి. నా ముందున్న ఆటోలోంచి పెట్రోలుతో కలిసిన కాలిన రబ్బరు వాసన వచ్చి ముక్కుకు తగిలింది. అంతే. స్కూటరు కింద రోడ్డు లేదు, నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు నన్ను సముద్రం వైపు లాక్కుపోతున్నాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు సత్యానందం గారు గుర్తొస్తారు.

పటమటలో ఒక మేడ మీద ఆయనకు రెండు గదుల ఆఫీసు ఉండేది. నదీపాయల లోతు కొలిచి పటాలు గీసివ్వడం మా పని. ఆయన ఇంజనీరు, నేను సహాయకుణ్ణి. ఆయన ఆదివారం చర్చికి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ మడతతో దోసకాయ తరగొచ్చు. అంత ఖచ్చితమైన మనిషికి దేవుడు నన్ను అంటగట్టాడు. నాగాయలంక దోమ నా టోపీ ఎత్తుకుపోయిందని నేను చెబితే ఆయన పెన్ను పక్కన పెట్టి, “టోపీ ఏ సైజయ్యా?” అని అడిగేవారు. మా ఆఫీసులో నా మాటకు భాగహారం ఉండేది. నేను పది అంటే అందరూ ఒకటి రాసుకునేవాళ్ళు. ఆ సంగతి నాకూ తెలుసు గనక పదిని వంద చేసేవాణ్ణి.

ఒకసారి నాగాయలంక నుంచి ముగ్గురం చిన్న ఫైబర్ పడవలో మొగ వైపు బయల్దేరాం. మొగ అంటే కృష్ణ సముద్రంలో పడేచోటు. పడవ నడిపేవాడు కోటయ్య. వెనక బిగించిన మోటారుకు చిన్న రంధ్రం ఉంటుంది. మోటారు నదిలోంచి పీల్చుకున్న నీళ్ళు ఇంజనును చల్లబరిచి ఆ రంధ్రంలోంచి సన్నటి ధారగా పడాలి. దాన్ని కోటయ్య ‘ఉచ్చ’ అనేవాడు, సత్యానందం గారు ‘ధార’ అనేవారు. అది ఆగిందంటే లోపల ఇంజను కాలిపోతున్నట్టే. దాన్ని చూస్తూ కూర్చోవడం ఆ రోజు నా ఉద్యోగం.

చూస్తూనే ఉన్నాను. ధార ఆగడం కూడా చూశాను. కానీ అప్పుడు నేను కోటయ్యకు కథ చెబుతున్నాను. కథలో నా గాలానికి పడిన పండుగప్ప నన్నూ నా సైకిల్నీ కలిపి కాలవలోకి ఈడుస్తోంది. అది కాస్త ఒడ్డెక్కాక ధార సంగతి చెబుదాంలే అనుకున్నాను. నా కథలో చేప అంత తొందరగా ఒడ్డెక్కదు.

ముందు ఆ వాసన వచ్చింది. తర్వాత కోటయ్య ఎంత పిడి తిప్పినా మోటారు మూలిగిందే గాని పడవ కదల్లేదు. సత్యానందం గారు వెంటనే ఆపించారు. ఆ నిశ్శబ్దంలో దూరంగా ఒక హోరు వినిపించింది. మొగలో అలలు విరుగుతున్న చప్పుడది. పోటు తగ్గి పాటు మొదలైంది. నీళ్ళన్నీ సముద్రంలోకి పోతున్నాయి, వాటితోపాటు మేమూ.

“ధార ఎప్పుడాగింది?” అన్నారాయన.

“ఇప్పుడేనండీ,” అన్నాను.

కోటయ్య మోటారు పైకెత్తాడు. నీళ్ళు పీల్చే జల్లెడకు ఎవరో పూజ పూలు వేసి నదిలో వదిలిన పాలిథిన్ కవరు చుట్టుకుని ఉంది. పీకేశాడు. మోటారు దించి, దాన్ని స్టార్టు చేసే తాడు పట్టుకున్నాడు. “ఇంతేనండి. కొడతన్నా.”

“ఆగు,” అన్నాను. “ధార ఆగి ఇరవై నిమిషాలైందండీ.”

కోటయ్య నవ్వాడు. “బాబుగారు ఇరవై అంటే రెండేనండి. ఈయన మాట పట్టుకుని కూచుంటే మొగలో పడతాం.”

నిజంగా రెండే అయితే కోటయ్యదే సరైన పని. ఇరవై అయితే, ఆ వేడి మీద తాడు లాగితే ఇంజను పట్టేసి ఇక తిరగదు. ఇక మా మూడు ప్రాణాలకూ మిగిలేది ఒక తెడ్డు. జీవితంలో మొదటిసారి నేను పెంచకుండా చెప్పిన అంకె అది. నమ్మేవాళ్ళు లేరు. ప్రమాణం చేద్దామంటే, నా ప్రమాణాలకూ అదే భాగహారం.

సత్యానందం గారు నా మొహం కేసి చూశారు. “ఎంతసేపు అని అడగనయ్యా. ఆగినప్పుడు మనం దేని పక్కన ఉన్నాం?”

“వలకర్రల దగ్గరండీ. చివరి కర్రకు తెల్లగుడ్డ కట్టి ఉంది. కొంగ వాలబోయి మానేసింది.”

ఆయన వెనక్కి చూశారు. కర్ర కనపడలేదు. మధ్యలో మడ అడవి రెండు వంపులు తిరిగింది. రెండు నిమిషాల దూరం కాదది.

“తాడు వదులు, కోటయ్యా. లంగరు వెయ్యి.”

నేను బకెట్టుతో నీళ్ళు తీసి ఇంజను మీద కుమ్మరించబోతే ఆయన మణికట్టు పట్టుకున్నారు. “పగులుద్ది. దానంతటదే చల్లారాలి.” ఇంజను మూత తీసి కూర్చున్నారు. లంగరు ఇసుకను గీసుకుంటూ జారుతోంది. ఒడ్డున వంగిన మడచెట్టు ఒకటి మమ్మల్ని దాటి వెనక్కి వెళ్ళింది, తర్వాత ఇంకొకటి. హోరు దగ్గరైంది. కోటయ్య తన ఇద్దరాడపిల్లల పేర్లూ గొణుక్కుంటున్నాడు. ఆయన మాత్రం అరచేతి వెనకవైపు ఇంజనుకు ఆనించడం, తీసెయ్యడం, మళ్ళీ ఆనించడం. ఎంతసేపు గడిచిందో చెప్పను. మూడు చెట్లు దాటాయి.

నాలుగో చెట్టు దగ్గర ఆయన చెయ్యి ఇంజను మీద నిలిచింది. “ఇప్పుడు కొట్టు.”

రెండో లాగుడికి మోటారు స్టార్టయింది. ధార రాలేదు. ఆయన సన్నటి తీగ తీసి రంధ్రంలో పొడిచారు. ఇసుకముద్ద ఊడిపడింది, వెనకే ఒక చుక్క, ఆ పైన నూలుపోగంత ధార. కోటయ్య తల మీంచి టవలు తీసి దానికి దణ్ణం పెట్టాడు. సగం వేగంతో, ఏటికి ఎదురుగా, ముగ్గురం ఆ ధారనే చూస్తూ సాయంత్రానికి ఒడ్డెక్కాం.

తిరుగు బస్సులో తిట్లకోసం ఎదురుచూశాను. ఆయన తిట్టలేదు. చివరికి నేనే అడిగాను. “మీకు భయమెయ్యలేదాండీ?”

“నువ్వు ‘ఇప్పుడే’ అన్నప్పుడు కొంచెమే. నిజం చెప్పాక చాలా వేసింది,” అన్నారు. టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకుంటూ, “అయినా చెప్పావు,” అన్నారు.

ఆయన పోయి చాలాకాలమైంది. పోయిన చలికాలంలో ఒక ఉదయం మా ఆవిడకు ఊపిరాడలేదు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ, “ఎప్పట్నించి?” అని అడిగింది. యుగాల నుంచి అందామని నోటిదాకా వచ్చింది, నా భయానికి అదే సరైన కొలత. మింగేశాను.

“పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు బాగానే మాట్లాడిందండీ. పొంగేటప్పటికి గోడ పట్టుకుంది. పొయ్యి కట్టేసి నేరుగా ఇక్కడికే తెచ్చాను.”

డాక్టరమ్మ తలెత్తి ఒక్కసారి నా వైపు చూసి, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది.