సమజ్ గాని శివయ్య

శివయ్యకు ఏదీ మొదటిసారి అర్థం కాదు. రెండోసారీ కాదు. మూడోసారి చెప్పాక తల గోక్కుని, "సమజ్ గాలే, జర మల్ల చెప్పు" అంటాడు. ఇబ్రహీంపట్నంలో మేము కారు కొన్న షోరూమ్ సర్వీస్ సెంటర్లో పద్దెనిమిదేళ్ల అనుభవమున్న సీనియర్ మెకానిక్ ఆయన. క్యాంటీన్ రుక్కమ్మ చక్కెర అయిపోయిందన్నా, "అయిపోయిందంటే? డబ్బాలనా, దుకాణంలనా?" అని ఆరా తీస్తాడు.

నేను శేరిగూడలో ఇంజినీరింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఎనిమిది నెలల మా పాప నీహారికను వెనక సీట్లో కట్టేసుకుని రోజూ బడంగ్‌పేట్ నుంచి వస్తాను. పాప పుట్టాక రోడ్డు మీద నాకు కనిపించేవన్నీ బ్రేకు వేయాల్సిన సందర్భాలే. అందుకే కాస్త శబ్దం రాగానే కారు తెచ్చి అప్పగించాను.

"బ్రేకు వేస్తే కీచుమంటోందండి."

"కీచంటే ఎట్ల మేడం? జర మీరే అని చూపియ్యుండ్రి."

అన్నాను.

"సమజ్ గాలే. మల్లొక్కసారి."

మూడోసారికి పాప కిలకిలా నవ్వింది. అక్కడున్న వాళ్లంతా ఫోన్లు దించి నన్నే చూశారు. శివయ్య మాత్రం కారు కదిలించకుండానే, "ముందటి ఎడమ చక్రం" అని తేల్చేశాడు.

కూర్చున్నచోట ఊరుకోలేక నోటీసు బోర్డు చదివాను. బ్రేకుల సర్టిఫికెట్ పరీక్ష ఫలితాలు. పాసు మార్కు డెబ్బై. ఏడాదిలో ఆరుసార్లు రాసి ఆరుసార్లూ తప్పినవాళ్లు ఇద్దరు: శివయ్య, కిష్టా. నెలాఖరు పరీక్ష కూడా తప్పితే ఇక రెంచ్ పట్టకూడదు, కార్లు కడిగే వాషింగ్‌కి మారాలి.

నా బ్రేకులు ఆ శివయ్య చేతుల్లోనే ఉన్నాయి. మేనేజర్ శ్రీపాల్ దగ్గరికి పరుగెత్తాను.

"పెద్దాయన పనిమంతుడే మేడం. చదువే బుర్రకెక్కది" అన్నాడాయన. "కిష్టా సంగతి వేరే. నలభై ఏండ్లు. బోరు మోటర్లు బాగుచేసుకుంట వచ్చిండు. చేతుల పనుంది గని పరీక్ష ఇంగ్లీషుల, కంప్యూటర్ మీద. మౌస్ పట్టుకుంటే చెమటలే."

వాషింగ్‌కి పంపితే ఆ పనితనమంతా నిజంగానే నీళ్లపాలు.

తిరిగొస్తుంటే, అన్నం గిన్నెల మధ్య ట్రైనింగ్ పుస్తకం పెట్టుకుని ఇద్దరూ కనిపించారు.

"టార్క్ అంటే ఏందిరా కిష్టా?"

"బోల్టును ఎంత తిప్పుడు బలంతోని బిగియ్యాల్నో గా లెక్క, అన్నా."

"సమజ్ గాలే. ఫుల్ టైట్ జేస్తే అయిపాయె గద."

"మర తెగుతది. బోల్టు బోల్టుకు ఒక నంబరుంటది. ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

"ఇంగ్లీషుల ఎట్ల రాస్తరు?"

"టీ, ఓ, ఆర్, క్యూ, యూ, ఈ."

"ఆఖరుకు ఆ యూ, ఈ ఎందుకు?"

"ఊకెనే ఉంటయి. నువ్వు పట్టించుకోకు."

నా క్లాసులో ఇంత బాగా చెప్పేవాళ్లు లేరు. అనుమానం వచ్చి మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లాను. కిష్టా మార్కులు ముప్పై ఒకటి నుంచి మెల్లగా అరవై నాలుగు దాకా ఎక్కాయి. శివయ్యవి ఆరుసార్లూ అరవై తొమ్మిదే. ఒకసారైతే దురదృష్టం అనుకోవచ్చు. ఆరుసార్లంటే ఏ ప్రాబబిలిటీ ఒప్పుకోదు. గీతకు సరిగ్గా ఒక్క మార్కు కింద ఆగాలంటే జవాబులన్నీ తెలిసుండాలి.

కిష్టా చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే అడిగేశాను. "మీరు కావాలనే తప్పుతున్నారు కదూ?"

శివయ్య చుట్టూ చూశాడు. "ఫెయిలైనోళ్లకే హయత్‌నగర్‌ల మల్ల ట్రైనింగ్ ఇస్తరు మేడం. పరీక్షలు షురూ కాకముందు ట్రైనింగ్‌కు వాన్నొక్కన్నే పంపితే గేటు కాన్నుంచే వాపస్ వచ్చిండు. నేను పాసైతే వానికి తోడెవరు?"

"మరి మీకూ వాషింగే కదా?"

"వానికి మనం చెప్తే ఎక్కది. వానితోని చెప్పిస్తెనే ఎక్కుతది. ఈసారి అయితది. వానికి చెప్పకుండ్రి."

"నా బ్రేకులు మీరే చూడండి" అన్నాను.

ఫలితాల రోజు ఏ శబ్దమూ లేని కారుతో ఊరికే వెళ్లాను. కిష్టా ఎదురొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"చూసిండ్రా మేడం, శివన్నకు వందకు వంద. ఏడాది నుంచి నెత్తి కొట్టుకుని చెప్పిన. నేను లేకుంటే పాపం ఏమైపోతుండెనో."

"నిజమే. నీకెన్ని వచ్చాయి?"

కిష్టా గబుక్కున బోర్డు వైపు తిరిగాడు. తన మార్కులు చూసుకోలేదు.

పక్కనున్న కారు కింద నుంచి శివయ్య గొంతు వినిపించింది. "డెబ్బై ఎనిమిది. పొద్దుగాల్నే చూసిన. పోయి చూస్కోపో."